బరువు పడితేనే బయటపడే జబ్బు

నాట్లకు ముందు గోదావరి డెల్టాలో దమ్ము పనులు ఊపందుకునే రోజుల్లో ట్రాక్టర్ మెకానిక్ షెడ్లకు ఒకే రకం ఫిర్యాదు పదేపదే వస్తుంది. పొద్దున చక్కగా లేచిన రోటావేటర్ ఎండెక్కేసరికి గట్టు దగ్గర మలుపులో లేవదు. లీవరు పూర్తిగా లాగినా లిఫ్ట్ చేతులు సగంలోనే ఆగిపోతాయి. అదే బండికి ఖాళీ గొర్రు తగిలిస్తే చటుక్కున లేస్తుంది. పంపు పోయిందని ఒకరంటారు. సిలిండర్‌లో ఓరింగ్ తెగిందని ఇంకొకరు. రిలీఫ్ వాల్వును రెండు చుట్లు బిగిస్తే సరిపోతుందని మూడోవారు.

వీరిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు కూడా. అయితే ఒక్క బోల్టు విప్పకుండానే జబ్బు ఏ వైపు ఉందో చాలావరకు తేల్చవచ్చు. అందుకు ముందుగా లిఫ్ట్ బరువును ఎలా మోస్తుందో అర్థం కావాలి.

పంపు పంపేది చమురునే

హైడ్రాలిక్ పంపు ఒత్తిడిని తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పంపు చేసే పని చమురును తోయడమే. ఆ చమురు దారికి బరువు అడ్డుపడినప్పుడు ఒత్తిడి పుడుతుంది. చేతులపై బరువేమీ లేకపోతే పంపు కొత్తదైనా గేజిలో ముల్లు పెద్దగా కదలదు. ఎంత బరువు పెడితే, దాన్ని ఎత్తడానికి ఎంత కావాలో అంత ఒత్తిడే వస్తుంది. ఎంత వేగంగా లేవాలన్నది పంపు పంపే చమురు పరిమాణం నిర్ణయిస్తుంది. ఎంత ఒత్తిడి రావాలన్నది బరువు నిర్ణయిస్తుంది. లిఫ్ట్ జబ్బులన్నింటికీ తాళంచెవి ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

ఒక మధ్యతరహా ట్రాక్టర్ లెక్క చూద్దాం. సిలిండర్ లోపలి వ్యాసం 76 మిల్లీమీటర్లు అనుకుంటే పిస్టన్ ముఖం వైశాల్యం సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 150 కిలోల ఒత్తిడి పడితే పిస్టన్ మీద మొత్తం 6,750 కిలోల తోపుడు ఉంటుంది. దాదాపు ఏడు టన్నులు! కానీ పిస్టన్ కదిలేది 11 సెంటీమీటర్లే. లిఫ్ట్ చేతుల ద్వారా ఆ కదలిక కింది లింకుల కొసల దగ్గరకు వచ్చేసరికి 55 సెంటీమీటర్లు అవుతుంది. కదలిక అయిదు రెట్లు పెరిగితే బలం అయిదో వంతుకు తగ్గక తప్పదు. కాబట్టి లింకు కొసల దగ్గర మిగిలేది 1,350 కిలోలు. ఇరుసుల రాపిడి పోగా ఇంకాస్త తక్కువే.

ఈ ఏర్పాటు వెనక ఉన్న సూత్రం పాతదే. మూసిన పాత్రలోని ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఆ సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. అతన్ని వేధించిన చిక్కే నేటి మెకానిక్కునూ వేధిస్తోంది. పిస్టన్ పక్కల నుంచి ద్రవం కారిపోవడమే ఆ చిక్కు. బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలుతో చేసిన గిన్నె ఆకారపు సీలు దానికి విరుగుడైంది. ద్రవం ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ సీలు అంచు గోడకు మరింత గట్టిగా అదుముకునేది. ఇప్పటి రబ్బరు ఓరింగూ ఆ విధంగానే పనిచేస్తుంది.

ఈ బలాన్ని పొలంలోకి తెచ్చినవాడు ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. అప్పటిదాకా నాగలిని ట్రాక్టర్ వెనక గొలుసుతోనో కడ్డీతోనో లాగేవారు. నాగలి రాయికో వేరుకో తట్టుకుంటే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడేది. డ్రైవర్లు చనిపోయేవారు. ఫెర్గూసన్ కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింకు పెట్టి పనిముట్టును ట్రాక్టర్‌లో భాగంగా మార్చాడు. దుక్కి బరువెక్కినప్పుడు టాప్ లింకు మీద పడే నొక్కుడును పసిగట్టి నాగలిని కొద్దిగా ఎత్తే హైడ్రాలిక్ ఏర్పాటును దానికి జోడించాడు. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్, 1946 నుంచి కోవెంట్రీలో తయారైన టీఈ 20 ఈ పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేశాయి. టీఈ 20 ఒక్కటే 5 లక్షలకు పైగా తయారైంది. తెలుగు రైతులకు బాగా తెలిసిన మాస్సీ ఫెర్గూసన్ బండ్లు ఆ వంశానివే. ఇప్పుడు ఏ కంపెనీ ట్రాక్టర్ కొన్నా వెనక ఉండేది ఆ మూడు లింకుల అమరికే.

ముందు బరువు లెక్క

లిఫ్ట్ లేవడం లేదంటే లోపం లిఫ్ట్‌లోనే ఉందనుకోవడం తొందరపాటు. మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోపి ఉండవచ్చు.

కంపెనీ కరపత్రంలో లిఫ్ట్ సామర్థ్యం 1,500 కిలోలని ఉందనుకుందాం. అది ఎక్కడ కొలిచిన అంకె అన్నది ముఖ్యం. లింకు కొసల దగ్గర కొలిస్తే ఒక అంకె వస్తుంది. పరీక్షా కేంద్రాల్లో కొసలకు 610 మిల్లీమీటర్ల వెనక బరువు ఉంచి కూడా కొలుస్తారు. ఆ అంకె తక్కువగా ఉంటుంది. పొలంలోని పనిముట్టు ప్రవర్తన ఈ రెండో కొలతకే దగ్గర.

వెనక్కి జరిగేకొద్దీ బరువు ఎందుకు పెరిగినట్టు అనిపిస్తుంది? టాప్ లింకును, కింది లింకును ట్రాక్టర్ వైపు ఊహలో పొడిగిస్తే రెండూ ఒకచోట కలుస్తాయి. పనిముట్టు లేచేటప్పుడు ఆ బిందువు చుట్టూ ఏతం కొయ్యలా తిరుగుతుంది. ఆ బిందువు లింకు కొసలకు 1.8 మీటర్ల ముందు ఉండి, పనిముట్టు గరిమనాభి కొసలకు 0.9 మీటరు వెనక ఉంటే, కొస ఒక అడుగు లేచేసరికి బరువు ఒకటిన్నర అడుగులు లేస్తుంది. అందువల్ల 400 కిలోల పనిముట్టును ఎత్తడానికి 600 కిలోల బలం కావాలి. దమ్ములో పళ్లకూ రేకుకూ పట్టిన బురద దీనికి అదనం. ఆ బురద ఎక్కువగా పేరుకునేదీ వెనకవైపునే.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. టాప్ లింకు తగిలించడానికి ట్రాక్టర్ వైపు ఒకదాని కింద ఒకటి రెండు మూడు రంధ్రాలు ఉంటాయి. టాప్ లింకును పై రంధ్రంలోకి మారిస్తే రెండు లింకులూ సమాంతరానికి దగ్గరవుతాయి. వాటి కలయిక బిందువు దూరంగా జరుగుతుంది. ఎత్తడానికి కావలసిన బలం తగ్గుతుంది. బదులుగా పనిముట్టు వెనక భాగం రోడ్డు మీద మునుపటంత ఎత్తున నిలవదు. ఏ పనికి ఏ రంధ్రం వాడాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పేజీ తెరవకుండానే పంపు విప్పించినవారు ఎందరో!

మూడు ప్రశ్నలు

బరువు హద్దులోనే ఉంది, లింకులు సరిగ్గా ఉన్నాయి, అయినా లేవడం లేదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మూడు. వేడెక్కాక ఎలా ఉంది? రేజు పెంచితే ఎలా ఉంది? ఎత్తి ఇంజను ఆపితే నిలుస్తోందా?

మొదటి రెండు ప్రశ్నలకు బలం ఒక చిన్న లెక్కలో ఉంది. సన్నని సందులోంచి కారే చమురు పరిమాణం ఒత్తిడితో పాటు పెరుగుతుంది. చమురు పలచబడితే ఇంకా పెరుగుతుంది. సందు వెడల్పు రెట్టింపైతే కారడం ఎనిమిది రెట్లవుతుంది. పంపు పళ్లు కొద్దిగా అరిగినా ఫలితం అంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

నిమిషానికి 20 లీటర్లు పంపే పంపు ఉన్న బండిని తీసుకుందాం. అరుగుదల వల్ల 50 కిలోల ఒత్తిడి దగ్గర నిమిషానికి 3 లీటర్లు లోలోపలే వెనక్కి కారిపోతున్నాయి. గొర్రు ఎత్తడానికి ఆ ఒత్తిడి చాలు. ఇంకా 17 లీటర్లు మిగులుతాయి కనుక తేడా ఎవరికీ తెలియదు. బురద పట్టిన రోటావేటర్‌కు 150 కిలోల ఒత్తిడి కావాలి. కారుడు 9 లీటర్లవుతుంది. మిగిలిన 11 లీటర్లతో లిఫ్ట్ కాస్త నెమ్మదిగానైనా లేస్తుంది. ఇది పొద్దుటి సంగతి. 46 గ్రేడు హైడ్రాలిక్ నూనె చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 46 సెంటిస్టోక్స్. 70 డిగ్రీలకు చేరేసరికి అది సుమారు 15కు, అంటే మూడో వంతుకు పడిపోతుంది. అప్పుడు 150 కిలోల ఒత్తిడి దగ్గర కారాల్సింది 27 లీటర్లు. పంపు పంపేది 20 మాత్రమే. కాబట్టి ఒత్తిడి అంతవరకు చేరనే చేరదు, 110 దగ్గర ఆగిపోతుంది. పంపిన చమురంతా ఆ సందుల్లోంచే తిరిగి వెళ్లిపోతుంది. పొద్దున లేచిన రోటావేటర్ మధ్యాహ్నం లేవకపోవడానికి, గొర్రు మాత్రం ఎప్పుడూ లేవడానికి కారణం ఇదే. జబ్బు పొద్దున కూడా ఉంది. దాన్ని బయటపెట్టింది బరువూ వేడీ.

ఇటువంటి బండికి రేజు పెంచితే పంపు ఎక్కువ చమురు పంపుతుంది. కారేది పోగా కొంత మిగిలి లిఫ్ట్ లేస్తుంది. కాబట్టి వేడిలో బలహీనపడి, రేజు పెంచితే కోలుకుంటే అది కారుడు జబ్బు. పంపు అరిగి ఉండాలి, లేదా సిలిండర్‌లోనో కంట్రోల్ వాల్వులోనో సీళ్లు పోయి ఉండాలి.

సక్షన్ వైపు అడ్డు ఉంటే లక్షణాలు తలకిందులవుతాయి. స్ట్రైనర్ జాలీకి మట్టి, ఇనుప రజను పట్టుకుంటే పంపుకు చమురు అందదు. చల్లని పొద్దున చమురు చిక్కగా ఉన్నప్పుడే ఇబ్బంది ఎక్కువ. రేజు పెంచితే ఇంకా పెరుగుతుంది. పంపు ఊళ వేసినట్టు అరుస్తుంది. చమురు అందని చోట పుట్టిన బుడగలు ఒత్తిడిలో పగిలి పంపు లోపలి లోహాన్ని కొరికేస్తాయి. సక్షన్ గొట్టం సీలు దగ్గర గాలి పీల్చుకుంటున్నా అరుపు వస్తుంది. కానీ అప్పుడు చమురు నురగ కడుతుంది, లిఫ్ట్ కుదుపులతో లేస్తుంది.

మూడో రకం రిలీఫ్ వాల్వు. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని చమురును వెనక్కి వదిలే రక్షణ కవాటం ఇది. దీని స్ప్రింగు బలహీనపడినా, కూర్చునే చోట చిన్న ముక్క ఇరుక్కున్నా హద్దు రాకముందే తెరుచుకుంటుంది. స్ప్రింగు అలసిన బండి చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, రేజు పెంచినా తగ్గించినా దాదాపు ఒకే బరువు దగ్గర ఆగిపోతుంది. ఆగిన క్షణంలో లోపల నుంచి బుస్సుమనే చప్పుడు వినిపిస్తుంది.

లేచి, దిగిపోతే

మూడో ప్రశ్నకు పరీక్ష చాలా సులువు. చదునైన నేల మీద బరువైన పనిముట్టును ఎత్తి ఇంజను ఆపాలి. కింది లింకు కొస నేలకు ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలవాలి. అయిదు నిమిషాలకొకసారి, అరగంట పాటు కొలిచి రాసుకోవాలి. టేపు పట్టుకున్నవారు పక్కనే నిలబడాలి, పనిముట్టు కింద చేయి గానీ కాలు గానీ పెట్టకూడదు.

ఇంజను ఆగాక పంపుకు ఇక్కడ పాత్ర లేదు. పంపు వైపు వెళ్లే దారిని చెక్ వాల్వు మూసేస్తుంది. అయినా చేతులు వేగంగా దిగిపోతుంటే చమురు తప్పించుకుంటున్నది ఆ వాల్వు దగ్గర, కంట్రోల్ వాల్వు దగ్గర, లేక సిలిండర్ ఓరింగ్ దగ్గర. ఇంజను నడుస్తున్నప్పుడు ఇదే లోపం మరో రూపంలో కనిపిస్తుంది. చేతులు కొద్దిగా దిగుతాయి. పొజిషన్ కంట్రోల్ దాన్ని గమనించి మళ్లీ ఎత్తుతుంది. మళ్లీ దిగుతాయి. ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగకుండా ఎగిరే లిఫ్ట్ జబ్బు ఇది. ఎత్తి ఉంచితే కదలకుండా నిలుస్తోంది, అసలు ఎత్తడమే కష్టమవుతోంది అంటే సిలిండర్ జోలికి వెళ్లనక్కర్లేదు. వెతకాల్సింది పంపు, స్ట్రైనర్, రిలీఫ్ వాల్వు. ఒక్క టేపుతో సగం యంత్రాన్ని అనుమానాల జాబితా నుంచి తీసేయవచ్చు.

బండి నిర్మాణం తెలిసి ఉండటమూ అవసరం. పాత ఫెర్గూసన్ వంశపు బండ్లలో పంపు వెనక హౌసింగ్ లోపల చమురులో మునిగి ఉంటుంది, పీటీఓ షాఫ్టుతో తిరుగుతుంది. అందుకే క్లచ్ పూర్తిగా తొక్కితే లిఫ్ట్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. ఇంజనుకే గేరు పంపు బిగించిన బండ్లలో ఈ సమస్య ఉండదు.

చమురు చెప్పేవి

చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకూ, వెనక ఇరుసుకూ, హైడ్రాలిక్కుకూ ఒకే చమురు. గేర్ల నుంచి రాలిన ఇనుప రజను నేరుగా పంపు నోటి దగ్గరకు చేరుతుంది. మడిలో లోతు నీళ్లలో తిరిగిన బండికి సీళ్ల సందుల్లోంచి, బ్రీదర్‌లోంచి నీరు దిగవచ్చు. డిప్‌స్టిక్ మీద చమురు పాలలా తెల్లగా ఉంటే నీరు కలిసినట్టే. దాన్ని పూర్తిగా మార్చాలి. మీద నుంచి కొత్త చమురు కలిపితే ఉపయోగం లేదు. మట్టం తక్కువగా ఉంటే బండి ఎత్తుపల్లాల్లో వంగినప్పుడు స్ట్రైనర్ గాలి పీలుస్తుంది. కాబట్టి మట్టం చదునులో చూడాలి. చమురు గ్రేడు బండి పుస్తకం చెప్పినదే అయి ఉండాలి. ఇంట్లో మిగిలిందని వేరే నూనె కలిపితే పొద్దున పంపు ఆకలితో అరుస్తుంది, లేదంటే మధ్యాహ్నం సందుల్లో కారుతుంది.

గేజి మాట

ఇంతవరకు చేసిన పరీక్షలన్నీ జబ్బు ఏ వైపు ఉందో సూచిస్తాయి. దాన్ని ఖరారు చేసేది ప్రెషర్ గేజి. ట్రాలీ ఎత్తడానికి చమురు తీసుకునే బయటి పోర్టుకు 250 కిలోల వరకు చూపే గేజి బిగించి, చమురు వేడెక్కాక ఒత్తిడి ఎక్కడిదాకా వెళ్తోందో చూస్తారు. బండి పుస్తకంలో రాసిన రిలీఫ్ ఒత్తిడి చేరుతోంది, అయినా పనిముట్టు లేవడం లేదంటే హైడ్రాలిక్స్‌లో లోపం లేదు. బరువు ఎక్కువై ఉండాలి, లేదా లిఫ్ట్ షాఫ్టు బుష్షులు పట్టేసి ఉండాలి, లేదా లింకు వంగి ఎక్కడో తగులుతూ ఉండాలి. ఆ ఒత్తిడి చేరకపోతే అప్పుడు లోపలికి వెళ్లాలి. నిమిషాల్లో అయ్యే ఈ కొలత లేకుండా పంపు మార్చడమంటే రైతు డబ్బుతో జూదమాడడమే.

రిలీఫ్ వాల్వును బిగించడం మాత్రం అసలు చేయకూడని పని. అరిగిన పంపుకు దానివల్ల బలం రాదు. పంపు బాగున్న బండిలో అయితే సిలిండర్, గొట్టాలు, లిఫ్ట్ షాఫ్టు తాము తట్టుకోలేని భారానికి గురవుతాయి. పెద్ద ప్రమాదం ముందువైపు కూడా పొంచి ఉంది. వెనక ఇరుసుకు 1.6 మీటర్ల వెనక వేలాడే 500 కిలోల పనిముట్టు, చక్రాల మధ్య దూరం 2 మీటర్లున్న బండిలో, ముందు ఇరుసు మీద నుంచి 400 కిలోలు తీసేస్తుంది. ఖాళీ ట్రాక్టర్ బరువులో కనీసం అయిదో వంతు ముందు చక్రాల మీద మిగలకపోతే స్టీరింగు మాట వినదు. లిఫ్ట్‌ను బలవంతాన పెంచుకున్నవారు కాలువ గట్టు మీద ముందు చక్రాలు తేలిన బండిని నడుపుతున్నట్టే.

గొట్టం మీద సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే చమురు కంటికి సరిగా కనిపించదు. చేత్తో తడిమితే చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. బయట చిన్న చుక్కే కనిపించినా లోపల కండరం చచ్చిపోతుంది. గంటల్లో శస్త్రచికిత్స జరగకపోతే వేలు, చేయి పోవచ్చు. కారే చోటు వెతకడానికి అట్టముక్క వాడాలి. ఎత్తి ఉన్న పనిముట్టు కింద పనిచేయాల్సి వస్తే గట్టి స్టాండు పెట్టాలి. ఓరింగ్ ఏ క్షణాన తెగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇవన్నీ నేర్పే చోట్లు ఉన్నాయి. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ పనిచేస్తోంది. యంత్రాలు వాడే రైతులు, ఊళ్లో షెడ్డు నడిపే యువకులు దాన్ని ఉపయోగించుకోవాలి. ప్రతి రైతూ ఇంట్లోనే చేసుకోగల పని మరొకటి ఉంది. దమ్ము మొదలు కావడానికి పక్షం రోజుల ముందే స్ట్రైనర్ కడిగించండి, చమురు రంగు చూడండి, టేపుతో అరగంట పరీక్ష చేసి అంకెలు బండి పుస్తకంలోనే రాసి పెట్టుకోండి. షెడ్డుకు వెళ్లాల్సి వస్తే ఆ అంకెలు మెకానిక్కుకు చూపించి, పంపు విప్పే ముందు గేజి పెట్టి ఒత్తిడి చూపించమని అడగండి.